వాపసు గడువు ఇరవై ఒక్క రోజులు

ఆ జిల్లాలో మడమ రక్తం పరీక్షలో లోపం తేలిన పిల్లల్ని ఇరవై ఒక్క రోజుల్లోగా తిరిగి తల్లి కడుపులోకి పంపించవచ్చు. పెద్దాసుపత్రిలో నాలుగో నంబరు కౌంటరు ఉన్నది అందుకే. డిశ్చార్జి కాగితం, ఆధార్ నకలు, బిడ్డను తెచ్చుకుంటే చాలు. సవరణ అయ్యాక బిడ్డ మళ్లీ పుడుతుంది. కొందరు పుట్టరు. వాళ్లకు వేరే రిజిస్టరు ఉంది.

సుభాషిణికి పాప పుట్టిన తొమ్మిదో రోజున నోటీసు వచ్చింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. భర్త లారీ మీద ఒడిశా వెళ్లడంతో అక్క పైడితల్లిని తోడు తెచ్చుకుంది. సుభాషిణి చేతులతో మాట్లాడితే పైడితల్లి నోటితో చెబుతుంది.

గుమాస్తా వరహాలరావు రిపోర్టు చూసి, "పాపకి వినపడదమ్మా. ఇక్కడ సంతకం పెడితే పంపించేద్దాం" అన్నాడు మర్యాదగా.

"వినపడకపోతే ఏమవుతుందని అడుగుతోంది బాబూ."

"కష్టాలు పడుతుంది కదమ్మా."

సుభాషిణి పాపను అక్క ఒళ్లో పెట్టింది. చేతులు గబగబా కదిలాయి.

"బళ్లో ఎనిమిదేళ్లు నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఒక్క టీచరూ చేతులతో మాట్లాడటం నేర్చుకోలేదు. నా కష్టం అది, చెవులు కాదు అంటోంది" అంది పైడితల్లి.

వరహాలరావు సావధానంగా విన్నాడు. "నిజమేనమ్మా. కానీ బడిని మార్చడానికి మా దగ్గర ఫారం లేదు. పాపను మార్చడానికి ఉంది."

ఉంచుకోవడానికీ ఒక ఫారం ఉందట. ఏ లోపమూ లేని మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. పైడితల్లి చెప్పు విడిచి మడమ చాపింది. గంటలో రిపోర్టు వచ్చింది. అరవై దాటాక మతిమరుపు వస్తుందట.

"మీ అమ్మగారున్నారా?" అని అడిగాడు వరహాలరావు.

"పోయి ఆరేళ్లయింది బాబూ."

"అయితే మిమ్మల్ని వాపసు తీసుకునేవాళ్లు లేరు" అని, ఆమె పేరు ఎదురుగా 'ఇంకా పుట్టలేదు' అన్న ముద్ర వేశాడు.

తర్వాతి పది రోజుల్లో అక్కచెల్లెళ్లు వీధిలో పద్నాలుగు మందిని బతిమాలి తీసుకొచ్చారు. అందరికీ ఏదో ఒక లోపం తేలింది. పద్నాలుగు ముద్రలు పడ్డాయి. చివరికి వరహాలరావునే అడిగారు. ఆయన బల్ల కింద కాళ్లు వెనక్కి లాక్కుని, "సిబ్బందికి పరీక్ష వర్తించదమ్మా" అన్నాడు.

ఇరవై ఒకటో రోజు సుభాషిణి కౌంటరు ముందు నిలబడింది. పాప ఆమె చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. రెండో చేత్తో ఆమె సంతకం పెట్టని వాపసు ఫారం కిటికీలోంచి లోపలికి తోసేసింది. చెమటకు తడిసిన చీర కొంగు పాప మీద కప్పి బస్సెక్కింది. రిజిస్టరులో పాప పుట్టనట్టు రాసుకున్నారు.

పుట్టనివాళ్లకు రేషను రాదు, బళ్లో సీటు రాదు. పాపకు సుభాషిణే కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి చేతులతో మాటలు నేర్పింది. వీధి పిల్లలు కొందరు చూసి నేర్చుకున్నారు.

ఎవరో ఒకరి బిడ్డకు సాక్షిగా వెళ్లినవాళ్లకు ఏటా ముద్రలు పడుతూనే వచ్చాయి. ఐదేళ్లకు జిల్లాలో పెద్ద సభ జరిగింది. పుట్టిన ప్రతి బిడ్డా నూటికి నూరుపాళ్లు ఆరోగ్యంగా ఉన్న జిల్లా ఇదేనని వేదిక మీద ప్రకటించారు. మైదానం నిండా జనం. వాళ్లలో ముప్పాతిక మంది రికార్డుల ప్రకారం ఇంకా పుట్టనివాళ్లే. వాళ్లూ చప్పట్లు కొట్టారు.