సున్నా అయ్యేదాకా మంచం దిగరాదు

ఒంట్లో మందు సున్నా అయితే తప్ప ఏ మనిషీ ఆసుపత్రి గడప దాటరాదు. మానవజాతి క్షేమం కోరి ఆ ఆసుపత్రివారు చేసిన తొమ్మిదో నిబంధన ఇది. (మొదటి ఎనిమిదీ చెప్పులు ఎక్కడ విడవాలన్న దాని గురించి.)

జ్వరం తగ్గి ఆరు రోజులైనా దర్జీ తాత మంచం మీదే ఉన్నాడు. రేపు మనవరాలి బడిలో నాటకం. పిల్లది రాణి వేషం. గౌనుకు ఒక చెయ్యే కుట్టాడు. రెండోది ఇంట్లో మిషను మీద ఎదురుచూస్తోంది.

"ఇంకెంతసేపమ్మాయ్?"

"మందు గంటగంటకీ సగం తగ్గుతుంది తాతా. సున్నా అవగానే కంప్యూటరే కాగితం ఇస్తుంది," అంది నర్సు.

"సగంలో సగం, అందులో మళ్ళీ సగం... నలభై ఏళ్ళు గుడ్డ కత్తిరించాను. అలా కోసుకుంటూ పోతే దారప్పోగైనా మిగులుతుంది గానీ సున్నా ఎక్కడవుతుంది?"

నర్సు దగ్గర దీనికి ఫారం లేదు.

అంతలో కంప్యూటర్ చతికిలబడింది. బయట చీటీల క్యూ వీధి మలుపు తిరిగింది. కంప్యూటరాయన సూపరింటెండెంటును వెంటబెట్టుకొచ్చాడు.

"అంతా ఈ తాతగారి వల్లే సార్. మామూలు అంకెలు లోపల గబగబా నడిచిపోతాయి. ఈయన మందు అంకె ఉందా లేదా అన్నట్టుంది. అలాంటిదాన్ని ప్రాసెసర్ పక్కకి పిలిచి విడిగా చూడాలి. వంద రెట్ల టైము."

"ఇంత చిన్నదానికి అంత మర్యాదా?"

"చిన్నదనేగా సార్."

(పెద్దవాళ్ళనే పక్కకి పిలిచి కూర్చోబెట్టే ఆసుపత్రి ఈ మాటకు కాస్త కంగారు పడింది.)

వెంటనే ఉత్తర్వు వెలువడింది: ఇకపై మరీ చిన్నదేదైనా సున్నాగానే పరిగణించబడును. మీట నొక్కారు. క్యూ పరుగెత్తింది. తాత మందు సున్నా అయింది. తాత చెప్పులు వెతుక్కున్నాడు.

మిగిలింది చివరి తనిఖీ: ఈ గంట మందును పోయిన గంట మందుతో భాగించాలి. (ఎందుకో తెలిసినాయన రిటైరయ్యాడు.) పోయిన గంటదీ మరీ చిన్నదే కనక అదీ సున్నాయే అయింది. సున్నాను సున్నాతో భాగించిన కంప్యూటర్ 'ఇది అంకె కాదు' అని తేల్చింది. పేషెంటు ఒకరేనని రూఢి చేసుకోడానికి ఫారం పై గడిలోనూ కింది గడిలోనూ అదే రాసుకుని, రెండూ ఒకటేనా అని తనను తానే అడిగి, కాదంది.

"అదేంటయ్యా, రెండుచోట్లా అదే ఉందిగా!" అన్నాడు తాత.

"అంకె కానిది దేనితోనూ సమానం కాదండీ, దానితో అది కూడా," అన్నాడు కంప్యూటరాయన. "అంచేత పై గడిలో పేషెంటు వేరు, కింది గడిలో పేషెంటు వేరు."

"నేను నేనేనయ్యా బాబూ!"

"మీరంటే సరిపోదు తాతగారూ. గడులు కలవాలి."

కలవని పేషెంటు పేరును రూలు ప్రకారం రిజిస్టరులోంచి కొట్టేశారు. కాగితం లేదని తాతను గేటు దగ్గర్నుంచి లోపలికే వెనక్కి పంపేశారు.

మర్నాడు రాణి ఒంటిచేతి గౌనుతోనే రాజ్యమేలింది. చూసేవాళ్ళలో తాత లేడు. రిజిస్టరు ప్రకారం ఆసుపత్రిలోనూ లేడు.