టైపిస్టమ్మ ఫ్రేము

ఆ ఉదయం గుమస్తాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నీటి సరఫరా ఆఫీసులో ముప్పైనాలుగేళ్లు పనిచేసిన టైపిస్టమ్మకు ఆ రోజే ఆఖరు. అన్నేళ్లూ ఆఫీసు గ్రూపు ఫోటోలు ఆవిడే తీసేవారు. అందుకే ఒక్కదాంట్లోనూ ఆవిడ లేరు. నొక్కగానే ఫోటో బయటికొచ్చే కూతురి కెమెరాతో ఆ లోటు తీర్చాలని గుమస్తాగారు కంకణం కట్టుకున్నారు. కింద ‘మా టైపిస్టమ్మ’ అని రాయించి ఫ్రేము కూడా చేయించారు.

“నాన్నా, ఎనిమిదే ఫోటోలొస్తాయి. వచ్చాక ఊపకు, పాడైపోతాయి” అంది కూతురు.

“నాకా చెప్తున్నావు? సినిమాల్లో అందరూ ఊపుతారు. ఊపితేనే బొమ్మ వస్తుంది” అన్నారాయన. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. పరీక్షకని భార్యను తీస్తే ఆవిడ కళ్లు మూసుకుంది. రెండోసారి ఆయన బొటనవేలు పడింది.

“మీ వేలు బాగా వచ్చిందండీ” అంది భార్య.

మూడోది ఊపగా ఊపగా చేయి జారి పాలగిన్నెలో పడింది.

ఆఫీసులో మేనేజరు “ముందు నాదొకటి తియ్యవయ్యా” అన్నారు. తీసి, గుమస్తాగారు జోరుగా ఊపారు. ఆ హుషారు అందరికీ అంటుకుంది. చేతులు మారుతూ ఊపులు తిన్న ఫోటో సరిగ్గా మేనేజరు మెడ దగ్గర మడత పడింది.

“ఏంటయ్యా ఇది, నన్ను ఉరి తీశావా?”

మళ్లీ తీయక తప్పలేదు. క్యాషియరు, డ్రైవరు మాత్రం ఊరుకుంటారా? వాళ్లవీ అయ్యేసరికి మిగిలింది ఒక్కటి.

గుమస్తాగారికి ముచ్చెమటలు పట్టాయి. టైపిస్టమ్మను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, మిగతావాళ్లను చుట్టూ నిలబెట్టి, కెమెరా ఎత్తారు. చేతులు ఒకటే వణుకు.

“అలా వణికితే ఎలా బాబూ? ఉన్న ఒక్కటీ పాడవుతుంది. ఇటివ్వండి, మీరెళ్లి కూర్చోండి” అంటూ టైపిస్టమ్మ లేచి కెమెరా అందుకున్నారు. ఆవిడ సర్దుకోమంటే సర్దుకోవడం, నవ్వమంటే నవ్వడం అందరికీ ఏళ్ల అలవాటు. గుమస్తాగారు హమ్మయ్య అనుకుని ఆవిడ కుర్చీలో కూర్చుని పళ్లికిలించారు.

ఈసారి ఎవరూ ఊపలేదు. రంగులు మెల్లగా తేలాయి. ఎంత చక్కగా వచ్చిందో!

“ఇందులో ఆవిడేరయ్యా?” అన్నారు మేనేజరు.

గుమస్తాగారికి ఏడుపొక్కటే తక్కువ. “నా అంత తెలివితక్కువవాడు ఇంకెక్కడా ఉండడు మేడం!”

“ఊరుకోండి బాబూ, అందరూ కళ్లు తెరిచే ఉన్నారుగా” అని టైపిస్టమ్మ కడుపారా నవ్వారు. చేయించిన ఫ్రేము వృథా చేయడమెందుకని తనే ఫోటో అందులో పెట్టి, గోడకు తగిలించి మరీ ఇంటికెళ్లారు.

‘మా టైపిస్టమ్మ’ అన్న అక్షరాలపైన గుమస్తాగారు ఇప్పటికీ పళ్లికిలిస్తూనే ఉన్నారు.