అమరులు, తదితరులు
ప్రత్యేక రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, నల్లగొండ జిల్లా గుండ్లబావిలో సాయుధ పోరాట అమరవీరులకు స్తూపం కట్టాలని సంస్మరణ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. కమిటీ అధ్యక్షులు మనోహర్‌రావు గారు అందుకు రెండు గుంటల జాగా ఉదారంగా దానం చేశారు. పోరాట కాలంలో ఆ జాగాను ఊరివాళ్లు ఆయన తాత రాఘవరావు దొర దగ్గర్నుంచి లాక్కున్నారు. పోరాటం ఓడిపోయాక అది మళ్లీ దొర ఇంటికే చేరింది. కనుక దానం చేసే హక్కు పూర్తిగా వారిదే.

అమరుల గుర్తింపులో పక్షపాతానికి తావుండకూడదని కమిటీ ఒక నిబంధన పెట్టింది: మరణానికి కాగితం ఉన్నవారే అమరులు.

డెబ్బై ఎనిమిదేళ్ల బీరమ్మకు ఈ సంగతి దండోరా వేస్తే తెలిసింది. ఆమె అన్న హనుమంతు దళంలో ఉండేవాడు. చివరిసారి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, తొమ్మిదేళ్ల చెల్లెలు గుడ్డలో కట్టిచ్చిన జొన్నరొట్టెలు తీసుకుని నల్లమల వైపు వెళ్లిపోయాడు. అమ్రాబాద్ గుట్టల్లో కాల్చేశారని నెల తర్వాత కబురొచ్చింది. శవం రాలేదు. కబురుకు రసీదు తీసుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

బీరమ్మ మండల ఆఫీసుకు వెళ్లింది. చనిపోయిన చోటే అడగాలన్నారు. రెండు బస్సులు మారి అమ్రాబాద్ చేరింది. అక్కడ అడవి శాఖ ఉద్యోగి ఒకాయన ఆమెకు మంచినీళ్లిచ్చి, ఆ సంవత్సరం పులుల లెక్కే తమ దగ్గర లేదని, మనుషుల లెక్క ఎక్కడ తెచ్చేదని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆమెకూ ఆ మాట న్యాయంగానే తోచింది.

గడువు ముగిసేసరికి ఊరంతటి మీద సక్రమమైన కాగితం ఒక్కరికే తేలింది. అది రాఘవరావు దొరకు. దళం కాల్చి చంపిన దొర మీద పోలీసు పంచనామా ఉంది, డాక్టరు సంతకం కూడా ఉంది. నిబంధన నిబంధనే కదా. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలతో ఆయన పేరు చెక్కించి, కింద ‘తదితరులు’ అని చేర్చారు.

ఆవిష్కరణ రోజు మనోహర్‌రావు గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "ఈ మట్టి కోసం ప్రాణాలిచ్చిన మహనీయుల ముందు ధనిక, పేద తేడా లేదు. మృత్యువు అందరినీ సమానం చేసింది. మనం ఆ సమానత్వాన్ని రాతిలో నిలబెట్టాం!" జనం చప్పట్లు కొట్టారు. పోరాటంలో తాతలు పోయినవాళ్లే ముందు వరుసలో కూర్చుని మరీ కొట్టారు.

బీరమ్మ లేచి నెమ్మదిగా రాయి దగ్గరికి నడిచింది. ఆమెకు చదువు రాదు.

"మా అన్న పేరేడున్నది నాయినా?"

అధ్యక్షులవారు వంగి కింది వరుస చూపించారు. "గిండ్లనే ఉన్నడు అవ్వా, అందరితోటి."

"పైన గంత పెద్దగ ఉన్నదెవరిది?"

"మా తాతది."

బీరమ్మ కాసేపు ఆ అక్షరాలను తడిమింది. డెబ్బై ఏళ్లుగా ఇంటి గడప దాటనివ్వని మాట ఒకటి ఆమె నోట్లోంచి చాలా మామూలుగా బయటికొచ్చింది.

"మీ తాతను కాల్చింది మా అన్ననే. గాయిన కాళ్లకాడ పేరు లేకుంట పడుండుమంటే వాడు ఉండడు బిడ్డా."

అధ్యక్షులవారి చేతిలోని మైకు ఆమె మాటను ఊరంతటికీ వినిపించింది. ఆ రోజు సభ అంతటితో ముగిసింది.

అధ్యక్షులవారు అవమానం దిగమింగే మనిషి కారు. పాత కేసు నకలు తెప్పించారు. అందులో స్పష్టంగా ఉంది: ముద్దాయి హనుమంతు, తండ్రి జంగయ్య, పరారీ. హంతకుడి కుటుంబం తరతరాలకూ సిగ్గుపడాలని, తాతగారి పేరు కింద ‘గుండ్లబావి జంగయ్య కొడుకు హనుమంతు చేతిలో హతులు’ అని చెక్కించారు. తదితరులను తొలగించారు. రాతి మీద చోటు చాలలేదు.

బీరమ్మ మనవరాలు శ్రీదేవిని వెంటబెట్టుకుని వచ్చి, ఆ వరుసను మూడుసార్లు చదివించుకుంది. అన్న పేరుతో పాటు తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉన్నాయి. కొంగుతో రాయి తుడిచి, బంతిపూలు పెట్టింది. తాను పోయేలోపు ఇది చూస్తాననుకోలేదని శ్రీదేవితో చెప్పి, అక్కడే కూర్చుని ఏడ్చింది.

మరుసటి వారం నుంచి కమిటీకి దరఖాస్తులు మొదలయ్యాయి. తమ నాయిన కూడా ఆ రోజు తుపాకి పట్టాడని గుర్వమ్మ, దొర గడీ తలుపు పగలగొట్టింది తమ తాతేనని నరేష్, ఒక్కొక్కరూ సాక్షులతో సహా వచ్చారు. హంతకుల జాబితాలో చోటు కోసం ఇప్పటికి ముప్పై నాలుగు దరఖాస్తులు పరిశీలనలో ఉన్నాయి. అమరుల జాబితాకు మాత్రం దొర తప్ప అర్హులెవరూ ఇంకా దొరకలేదు.