నవ్వడానికి అర్హత పరీక్ష

ఇది అంత పాత కథేం కాదు కాబట్టి అనగనగా అనక్కర్లేదు. ఒక పెద్ద అడవిలో సెల్ టవర్ లేచింది.

టవర్ మనుషులది. ఫోన్లూ మనుషులవే. జీపుల్లో షికారుకొచ్చిన టూరిస్టుల చేతుల్లోంచి కోతులు భక్తిశ్రద్ధలతో సేకరించి తెచ్చాయి. నీటిగుంట దగ్గర ఫారెస్టువాళ్ళు పెట్టిన సోలార్ పలక కింద ఛార్జింగు. ఏడాది తిరిగేసరికి ఫోను లేని జీవి లేదు. తాబేలుకి కూడా ఉంది. కాకపోతే ఇంకా ఆన్ చేస్తోంది.

అడవి మొత్తానికి రెండే పిచ్చులు. ఒకటి 'లేచిందే పరుగు' అనే ఆట. అందులో లేడి పరిగెడుతుంది, వెనక పులి తరుముతుంది. కుందేళ్ళన్నీ పులి వేషం ఎంచుకుని వీరవిహారం చేసేవి. రాజుగారు, అంటే అసలు పులి, మాత్రం ఎప్పుడూ లేడినే ఎంచుకునేవారు.

"పులిగా ఆడ్డంలో ఏముందయ్యా, రోజూ చేసే ఉద్యోగమేగా!" అనేవారు.

పాపం, మొదటి లెవెల్ దాటలేకపోయేవారు. పంజా వెడల్పు కదా, ఒక బాణం నొక్కబోతే ఇంకో బాణం నొక్కుకుపోయి, లేడి తిన్నగా వెనక్కి తిరిగి పులి నోట్లోకి నడిచేది.

రెండో పిచ్చి 'మా గుహలో మామగారు' అనే నవ్వుల వెబ్ సిరీస్. తీసేది కొండముచ్చు సింహాచలం. కుందేలు మామగారు కూతురింటికి వచ్చి తిష్ఠ వేస్తాడు. అల్లుడు ముళ్ళపంది. మామగారంటే ప్రాణం. వారం వారం ప్రేమగా కౌగిలించుకోబోతాడు. మామగారు తప్పించుకోబోయి ఏ బురదలోనో, ఏ తేనెపట్టు మీదో పడతాడు. అంతే కథ.

సింహాచలం మొదటి ఎపిసోడు పెట్టినప్పుడు చూసినవాళ్ళు ఏడుగురు. అందులో ఆరుగురు సింహాచలం చుట్టాలు. ఏడోవాడు పునుగుపిల్లి పరిమళరావు.

ఆ రోజు పరిమళరావు చెట్టుకొమ్మ మీద నుంచి పడేంతగా నవ్వాడు. ఆ తర్వాత నవ్వలేదు. ఎందుకంటే ఆ తర్వాత అతను చూడ్డం మానేసి, పరిశీలించడం మొదలుపెట్టాడు. ఆరో ఎపిసోడులో మామగారి కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజానికి ఎలా వచ్చింది? అల్లుడి వీపు మీద నిన్న లేని ముల్లు ఇవాళ ఎక్కడిది? ఇలాంటివన్నీ కూర్చి, ప్రతి వారం గంటన్నర వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. అవి అడవిగాచిన వెన్నెలయ్యాయి. ఒక్కడూ విన్న పాపాన పోలేదు.

అడవి వినేది ఎలుగుబంటి జాంబయ్య మాట.

జాంబయ్యకి ఏ సీజనూ తెలీదు, ఏ ఎపిసోడూ గుర్తుండదు. నీళ్ళు తాగడానికొచ్చి, ఎవరి ఫోన్లో ఏం నడుస్తుంటే అది చూసి, పొట్ట పట్టుకుని నవ్వి పోయేవాడు.

"ఎలా ఉంది మావా?" అని జింకలు అడిగేవి.

"బాగుందర్రా. ముసలాయన బురదలో పడ్డాడు, నాకు దగ్గొచ్చేదాకా నవ్వొచ్చింది."

ఆట గురించి అడిగితే, "బాగుంది. గడ్డి బాగా గీశారు. తినబుద్ధేసింది" అనేవాడు. ఆ మాట సాయంత్రానికి అడవి చివరిదాకా పాకేది. చిలకలు దాన్నే వల్లె వేసేవి.

ఒకరోజు పరిమళరావు కళ్ళముందే సింహాచలం తేనెపట్టు ఒకటి చంకన పెట్టుకుని జాంబయ్య దగ్గరికి వచ్చాడు.

"మావా, మొన్నటిది నీకు నచ్చిందటగా! నీ నోటి చలవ, అడవంతా చూసింది" అన్నాడు.

పక్క కొమ్మ మీదున్న పరిమళరావు గొంతు సవరించాడు. "సింహాచలం, నేను పెట్టిన మెసేజ్ విన్నావా? కండువా విషయం?"

"విన్నా విన్నా" అన్నాడు సింహాచలం, వినలేదని తెలిసిపోయే గొంతుతో. "ఇంతకీ నువ్వు... ఎవరన్నావు?"

పరిమళరావుకి లోపల ఏదో పుటుక్కుమంది. ఏడుగురు చూసినప్పుడు చూసినవాడు. చుట్టం కాకపోయినా చూసినవాడు. అతన్ని పట్టుకుని 'ఎవరన్నావు' అంటాడా!

మర్నాడు పొద్దున్నే రాజుగారి కొలువుకి వెళ్ళాడు. రాజుగారు అప్పుడే లేడిగా ఇంకోసారి చచ్చిపోయి చిరాగ్గా ఉన్నారు. పైన కొమ్మ మీద ఒక కోతి "అయ్యో" అంది. పైకి జాలి, లోపల కిసుక్కు.

"విన్నావా పరిమళం? ప్రతి పనికిమాలినవాడికీ ఒక అభిప్రాయమే!"

"నేనొచ్చింది అందుకే ప్రభూ" అన్నాడు పరిమళరావు. ముందుకు వంగి, తోక ముడిచి, మాట మెత్తగా చేశాడు. "అభిప్రాయాలకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆడ్డం రానివాడు ఆట గురించి మాట్లాడతాడు. చూడ్డం రానివాడు సిరీస్ గురించి మాట్లాడతాడు. ఒక అర్హత పరీక్ష పెడదాం. నెగ్గినవాడికి లైసెన్సు. తప్పినవాడు చూసుకోవచ్చు, ఆడుకోవచ్చు. నోరు మాత్రం మెదపకూడదు."

రాజుగారు కొమ్మ మీది కోతి వంక చూశారు. "పెట్టు" అన్నారు.

ప్రశ్నలు రాసింది పరిమళరావే. దిద్దేది గుడ్లగూబ దివాంధం మేష్టారు. మేష్టారు పగలు ఏమీ కనపడని మనిషి గనక పక్షపాతం ఉండదని అందరూ సంతోషించారు. నూరు మార్కులు. 'మామగారు రెండోసారి బురదలో పడినప్పుడు ఏ చెవి ముందు మునిగెను?' 'ఆటలో లేడికి ఎన్ని మచ్చలు?' అన్నీ ఇలాంటివే.

జాంబయ్య పేపరు అటూ ఇటూ తిప్పాడు. "పరిమళం బాబూ, రెండోసారి కూడా పడ్డాడా ఆయన? అయ్యో, నేను చూళ్ళేదే!" అన్నాడు నిజమైన బాధతో.

జాంబయ్యకి ఒక మార్కు వచ్చింది. పేరు గుండ్రంగా రాసినందుకు. మిగతా అడవికి అదీ రాలేదు. మేష్టారికి తొంభై. పరిమళరావుకి తొంభై ఎనిమిది. ప్రశ్నలు తనవే అయినా రెండు మార్కులు పోయాయేమని మేష్టారితో సగం రోజు వాదించాడు.

తర్వాత ఒక ధర్మసందేహం వచ్చింది. నవ్వు అభిప్రాయమా, కాదా?

మేష్టారు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పిచ్చారు. "నవ్వు అభిప్రాయమే. ఏడుపూ అభిప్రాయమే. ఆవులింత అయితే ఘాటైన విమర్శ."

అంతే. ఆ వారం ఎపిసోడు వచ్చింది. మామగారు చీమలపుట్ట మీద కూలబడ్డాడు. జింకలు పెదాలు కొరుక్కున్నాయి. కోతులు ఒకదాని నోరు ఒకటి మూశాయి. పుట్టుకతో నవ్వు మొహమైన దుమ్ములగొండిని ముందుజాగ్రత్తగా మూడు పొదల అవతలికి పంపేశారు. జాంబయ్య పొట్ట పట్టుకుని బయటికి పరిగెత్తి, ఏటిలో తల ముంచి నవ్వి వచ్చాడు. బుడగలు వచ్చాయి గానీ, బుడగల గురించి చట్టంలో లేదు.

చప్పుడు లేని అడవిని చూసి సింహాచలం, చట్టం సంగతే తట్టక, సిరీస్ పోయిందనుకున్నాడు. పరిగెత్తుకుంటూ లైసెన్సున్నవాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"పరిమళరావుగారూ, ఎక్కడ తప్పు జరిగిందండీ?"

గారూ! అండీ! పరిమళరావు ఒళ్ళంతా పులకరించి, చుట్టూ గజం మేర సువాసన కొట్టింది. ఇన్నాళ్ళకి అడిగాడు. అడిగినవాడికి చెప్పకుండా ఉంటాడా? చెప్పాడు. పొద్దు వాలేదాకా చెప్పాడు.

"అసలు మామగారు ఎందుకు పడాలి? పడ్డం చవకబారు హాస్యం. లోతు కావాలి. కౌగిలి అంటే ఆయనకెందుకు భయం? బాల్యంలో ఏదో గాయం ఉంది. అది చూపించు. కండువా మాత్రం ఎడమ భుజం మీదే ఉండాలి."

సింహాచలం బుద్ధిగా తలూపాడు. కొత్త ఎపిసోడు తయారైంది. పేరు 'మామగారి బాల్యం'. నాలుగు గంటలు. అందులో ఎవరూ ఎక్కడా పడలేదు. కండువా భుజం మారలేదు. ఒక చిన్న కుందేలు వాననీటి వంక చూస్తూ ఉంటుంది, ఆ నీరు ఎండిపోయేదాకా.

దాన్ని రాజుగారి సమక్షంలో, పట్టపగలు, అడవంతా కూర్చుని చూసేట్టు ఏర్పాటు చేశాడు పరిమళరావు. ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్క తప్పు లేదు. గర్వంగా ఉంది. ఒక పక్క ఎందుకో కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అది లోతు వల్లే అనుకున్నాడు.

మూడో గంటలో, నిశ్శబ్దంలో, ఎక్కడో పెద్ద ఆవులింత వినపడింది. "ఆఆఆఅహ్."

దివాంధం మేష్టారు చట్టం మనిషి. పైగా పగలు. కొమ్మ మీంచి గుడ్లు తిప్పుతూ, ఏమీ కనపడకపోయినా ఉరిమారు. "ఎవడ్రా ఆ ఆవులించిన వెధవ? లైసెన్సు చూపించు!"

పరిమళరావు కొమ్మెక్కి, మేష్టారి రెక్క పట్టుకుని లాగుతూ, "మేష్టారూ, రాజుగారండీ, రాజుగారు!" అని గొణిగాడు. అప్పటికే ఆలస్యమైంది.

రాజుగారు మెల్లగా లేచారు. అందరూ చూస్తున్నారు. కోపం మింగి చిరునవ్వు తెచ్చుకున్నారు. "చట్టం ముందు రాజైనా ఒకటే. పరీక్ష తెండి. రాస్తాను. మన ఆటే కదా, మన సిరీసే కదా!"

రాశారు. మేష్టారు దిద్దారు. మార్కులు పరిమళరావు చెవిలో చెబుదామనుకునేలోపు చిలకలు లాక్కుపోయాయి.

"రాజుగారికి రెండు! రాజుగారికి రెండు!"

ఆ కేక కొండకి తగిలి మళ్ళీ వచ్చింది. కొండ కూడా రెండే అంది.

"అందరిలోకీ ఎక్కువ ఎవరికి వచ్చాయి?" అన్నారు రాజుగారు ప్రశాంతంగా.

అక్కడ నోరు మూసుకోవాలి. పరిమళరావుకి ఆ సంగతి తెలుసు. కానీ జన్మలో మొదటిసారి ఎవరో అతని మార్కులు అడిగారు. మనసు వద్దనేలోపు నోరు దాటేసింది.

"తమ దాసుడికే ప్రభూ! తొంభై ఎనిమిది! నిజానికి నూరు రావాలి, ఒక ప్రశ్నలో మేష్టారు..."

"రాజుకి రెండు" అన్నారు రాజుగారు. "నౌకరుకి తొంభై ఎనిమిది. బాగుందయ్యా. ఇది పరీక్షా, తిరుగుబాటా?"

అక్కడికక్కడే చట్టం సవరించారు. నెగ్గడానికి రెండు మార్కులు చాలు, తక్కువైనా ఫరవాలేదు. రెండు దాటితే మాత్రం రాజధిక్కారం. అలాంటివాడు జన్మలో అభిప్రాయం చెప్పడానికి వీల్లేదు.

అడవి అడవంతా ఒక్క దెబ్బకి నెగ్గింది. దివాంధం మేష్టారు చీకటి పడేలోపే తన పేపరు తనే మళ్ళీ దిద్దుకుని, చేతిరాత బాగాలేదని ఒకటిన్నరకి దించుకున్నారు. పరిమళరావు ఆయన కాళ్ళమీద పడ్డాడు.

"నావీ కాస్త దిద్దండి మేష్టారూ! ఎక్కడో ఒకచోట తప్పు రాసుంటాను!"

మేష్టారు పేపరంతా వెతికారు. మనస్ఫూర్తిగా వెతికారు. "లేదయ్యా. అన్నీ కరెక్టే, అప్పుడు కొట్టేసిన ఆ రెండు మార్కులదీ కరెక్టే. నీ ఖర్మ" అన్నారు.

తర్వాతి వారం సింహాచలం బాల్యాన్ని గంగలో కలిపేసి, అల్లుణ్ణి మళ్ళీ మామగారి మీదికి తోలాడు. అడవి విరగబడి నవ్వుతోంది. పరిమళరావు అందరికీ వెనక, జాంబయ్య చాటున కూర్చున్నాడు. చెప్పడానికి వీల్లేదు గనక వెతకడానికీ ఏమీ లేదు. ఊరికే చూశాడు. అల్లుడు చేతులు చాచాడు, మామగారు గెంతాడు, గెంతి తిన్నగా వెళ్ళి అత్తగారి పచ్చడి జాడీలో పడ్డాడు.

పరిమళరావు గొంతులోంచి కిచకిచమని ఒక వింత చప్పుడు వచ్చింది. ఏళ్ళతరబడి వాడని నవ్వు, తుప్పు పట్టి ఉంది. ఆపుదామంటే ఆగలేదు.

"ఎవడ్రా అది? లైసెన్సు?" అన్నారు పైనుంచి మేష్టారు.

పరిమళరావు జాంబయ్య వీపు చాటుకి ఒదిగాడు. జాంబయ్య వెనక్కి కూడా తిరక్కుండా చెయ్యెత్తాడు.

"నేనే మేష్టారూ. పొద్దుట్నుంచీ గొంతు బాగోలేదు."

తర్వాత చేతిలో ఉన్న తేనెపట్టు ముక్క సగం విరిచి వెనక్కి అందించాడు. పరిమళరావు పుచ్చుకున్నాడు. తింటుంటే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. జాడీ మూత రెండో దృశ్యంలో లేదని, మూడో దృశ్యంలో ఉందని చెప్పాలని నాలిక పీకేస్తోంది. తేనెతో పాటు దాన్నీ మింగాడు. ఆ రాత్రంతా అజీర్తి చేసింది.

ఇందులో నీతి అంటారా: పదిమందికీ పరీక్ష పెట్టేవాడు రాజుగారికి ఎన్ని మార్కులొస్తాయో ముందే కనుక్కుని, తను అంతకంటే ఒకటి తక్కువ తెచ్చుకోవాలి.