మంత్రిగారి మట్టి రైలు

"ఈ రైలు పర్మనెంట్!" అని మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. పట్టాల మేస్త్రి మాత్రం కొట్టబోయిన చప్పట్లు ఆపేశాడు.

అది ఉత్త మట్టి మోసే రైలు. మంత్రిగారి తోటలో చెరువు తవ్వి, ఆ మట్టితో తోటలోనే ఓ మూల గుట్ట పోయాలి. మూరెడు ఎడంలో రెండు పట్టాలు, వాటి మీద ఇనుప తొట్లు, ముందు దగ్గుతూ నడిచే బుల్లి ఇంజను. మట్టి పోసేకొద్దీ పట్టాలు పక్కకి జరుపుకుంటూ పోవాలి. పని కాగానే ఊడబెరికి లారీకెక్కించాలి. అప్పుడే మేస్త్రికి సెలవు. ఇంటి దగ్గర పెళ్లానికి నెలలు నిండాయి. తొలి కాన్పుకి పక్కనే ఉంటానని ఒట్టేసి మరీ వచ్చాడు పాపం.

ప్రారంభోత్సవం నాడు పట్టాల కొస బంగళా వరండా పక్కన ఉంది, పూలమడికి నాలుగు తొట్లు పోద్దామని. మర్నాడు మేస్త్రి గునపం పట్టుకుని జరపబోతే కార్యదర్శి లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మంత్రిగారు ప్రారంభించిన లైను కదుపుతావా?"

"జరపకపోతే మట్టంతా ఇక్కడే పడుతుందండీ."

"పడనీ. డెవలప్‌మెంట్ ఆగకూడదు."

"పోనీ రైలు ఆపమంటారా?"

"పర్మనెంట్ రైలు ఆపుతారటయ్యా? మతుండే మాట్లాడుతున్నావా?"

డెవలప్‌మెంట్ ఆగలేదు. మట్టి మెట్లని మింగింది, ఆపైన వరండాని, ఆపైన కిటికీలని. మంత్రిగారు లోపలినుంచే విలేకరులకి ఫోన్ చేసి, నడివేసవిలో ఇల్లింత చల్లగా ఉండటం ప్రభుత్వ ఘనతేనన్నారు. ఆ సాయంత్రానికి మట్టి జారి వెనక తలుపు కూడా మూసుకుపోయింది.

రెండ్రోజులు చూసి మేస్త్రి గుట్టెక్కి, వెంటిలేటర్ దగ్గర బోర్లా పడుకుని బతిమాలాడు.

"అయ్యా, తమర్ని తవ్వి బయటికి తీస్తాం. పట్టాలు పీక్కుని ఇంటికి పోతానండీ."

"గుట్టని తవ్వుతావా? దాన్ని నేనింకా ప్రారంభించందే! పట్టాలు పీకితే నాకు భోజనం ఎలా వస్తుందయ్యా?"

నిజమే. వారి క్యారియరు రెండు పూటలా మట్టితొట్టిలోనే వస్తోంది.

ఇంతలో మేస్త్రి ఫోను మోగింది. అత్తగారు.

"ఆడపిల్ల, బాబూ! తల్లీబిడ్డా క్షేమం. ఎక్కడున్నావు నాయనా?"

"మంత్రిగారి ఇంటి మీద," అన్నాడు మేస్త్రి.

అంతా విన్న మంత్రిగారు వెంటిలేటర్లోంచి చెయ్యి బయటపెట్టి అతని తల నిమిరారు. కింద చేరిన విలేకరుల కెమెరాలు క్లిక్కుమన్నాయి.

"శుభం! ఆ పిల్లకి కూడా ఇక్కడే ఉద్యోగం ఇస్తున్నాం."

మేస్త్రి భోరుమన్నాడు. ఆనందం పట్టలేకపోయాడని మర్నాటి పత్రికలు రాశాయి.