గులాబీ కంపు

లోకంలో శుభ్రత అనే దండగమారి పనిని రద్దు చేసిన ఘనుడు ఒకే ఒక్కడున్నాడు. ఆయన మా ఆవిడ తమ్ముడు!

నమ్మరా? మొన్నటిదాకా మా ఇంటికి వచ్చి ఉండాల్సింది. గుమ్మంలో అడుగుపెట్టగానే గోడమీది డబ్బా ఫుస్సుమనేది. మల్లెపూలు! హాల్లో లావెండర్, బాత్‌రూములో నిమ్మ. ఈ రూమ్ ఫ్రెష్‌నర్ మెషీన్లు అమ్మడం మా బావమరిది ఉద్యోగం. అమ్ముడుపోని వాటిని మా గోడలకెక్కించడం ఆయనగారి అభిమానం.

పూర్వం ఎంత కష్టంగా ఉండేదండీ! ఫినాయిల్ వాసన రావాలంటే ఎవరో ఒకరు నడుం వంచి బాత్‌రూము కడగాలి. బ్లీచింగ్ పౌడర్ వాసన రావాలంటే ట్యాంకులోకి దిగాలి. బీరువాలో కలరా ఉండలు వేయాలంటే ముందు బట్టలు మడత పెట్టి చావాలి. ఇప్పుడో? ఒక్క ఫుస్! నా సాక్సులు ఉతికి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు. అయినా ఆఫీసులో పక్క సీటాయన నన్ను చూసి "తోటమాలిగారొచ్చారు" అంటున్నాడు.

మొన్న వంటింట్లో మా ఆవిడ ముక్కు చిట్లించింది.

"ఏమండీ, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టట్లేదూ?"

నేను నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "ఎక్కణ్నుంచో వెతకడం పాతకాలం పద్ధతక్కా! నేను చూసుకుంటాగా!"

చూసుకున్నాడు. స్టవ్ పైన గోడకి గులాబీ మెషీన్ బిగించి, నిమిషానికోసారి కొట్టేలా పెట్టాడు.

వంటగ్యాసుకి సొంత వాసనంటూ ఉండదట. లీకైతే మనకు తెలియాలని కంపెనీవాళ్లే పనిగట్టుకుని మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారట. ఎంత వెనకబడిన ఆలోచన! కలిపేదేదో అత్తరు కలపకూడదూ?

సాయంత్రానికి వంటిల్లు పూలతోటైంది. ఆ తోటలో నిలబడి మా ఆవిడ లైటర్ చేతిలోకి తీసుకుంది. నొక్కబోయి ఆగింది.

"గులాబీల మధ్య గుడ్లు కుళ్లడమేంట్రా?" అని తమ్ముణ్ని కసిరి, లైటర్ పక్కన పెట్టి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. సిలిండర్ కట్టేసి చూస్తే రబ్బరు ట్యూబు నెర్రెలు విచ్చి ఉంది. ఆ లైటర్ ఒక్కసారి నొక్కి ఉంటే మా ఆవిడ నాకు మిగిలేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించడం లేదు.

బావమరిది మాత్రం లబోదిబోమన్నాడు. "నా గులాబీ అంతా వీధిపాలు చేశావుగదక్కా!"

ఆయన ఆవేదనలో న్యాయముంది. అందుకే మెషీన్లన్నీ ఊడబీకి, ఆయన బ్యాగులోనే సర్ది, మర్యాదగా సాగనంపాను. ఆదివారం కొత్త సరుకుతో వస్తానని మెట్లు దిగుతూ మాటిచ్చాడు.

గ్యాసు కంపెనీవారికి ఒక చిన్న మనవి. వాసన లేని ప్రమాదంలో కంపు కలిపి మా ప్రాణాలు కాపాడుతున్నారు, మీ కడుపు చల్లగా! పనిలో పనిగా మా బావమరిది మీద కూడా ఓ రెండు చుక్కలు చల్లి పంపండి. ఆయన వీధి మలుపు తిరగ్గానే మాకు తెలిసిపోవాలి!