ఆరేసిన బట్టలకు అడ్వాన్సు బుకింగ్!

మా అమ్మాయి ఫ్యాషన్ కోర్సులో చేరిందని ఫోన్లో చెబితే, భీమవరంలో ఉన్న మా మామగారు "పెన్షనా? ఇంత చిన్న వయసులో పెన్షనా! ఎంతైనా మీ హైదరాబాదు హైదరాబాదేనయ్యా అల్లుడూ!" అని పొంగిపోయి వీధి వీధంతా చాటారు. ఆ వీధివాళ్ళు, అమ్మాయి ఏ డిపార్టుమెంటులో చేసి రిటైరయిందో కనుక్కోమని ఆయనతో మళ్ళీ ఫోను చేయించారు. "పెన్షన్ కాదండీ, ఫ్యాషన్!" అని నేను గొంతు చించుకున్నాక ఆయన గొంతులో కళ తప్పింది. "పెన్షనైతేనే బాగుండేదేమో" అన్నారు.

అక్కడే ఆయన పొరబడ్డారు!

అయ్యలారా, అమ్మలారా! పెన్షన్ వచ్చే మనిషి ఇంట్లో ఉంటే నెలకొక్కరోజే పండగ. ఫ్యాషన్ చదివే మనిషి ఉంటే రోజూ జాతరే! కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి ఏమిటంటే, తెల్లకార్డు ఉన్నా లేకపోయినా ఇంటికో ఫ్యాషన్ విద్యార్థిని వెంటనే మంజూరు చేయాలి.

వాళ్ళ కాలేజీలో మొదటిరోజే చెబుతారట, నిత్యజీవితంలోంచి ఇన్‌స్పిరేషన్ తీసుకోవాలని. మా అమూల్య బుద్ధిమంతురాలు. తీసుకోమన్నారు కదా, తీసుకోవడం మొదలెట్టింది. పోపుల డబ్బాలోంచి పసుపు తీసుకుంది. కూరల బుట్టలోంచి బీట్‌రూటు తీసుకుంది. టీ పొడి తీసుకుంది, ఉల్లిపొట్టు తీసుకుంది, మా ఆవిడ కామేశ్వరి దాచుకున్న పాత దుప్పట్లు తీసుకుంది. మా ఇంట్లో ఇన్‌స్పిరేషన్ వచ్చిందంటే రేషన్ అయిపోయిందని అర్థం!

ఇందులో నష్టమేముంది? పంచరంగుల్లో చారు తాగిన కుటుంబం కొంపల్లి మొత్తంలో మాది తప్ప ఇంకొకటి ఉందా? రంగు కాచిన గిన్నెలోనే కామేశ్వరి చారు కాచింది. నేను లొట్టలేసుకుంటూ తాగాను. సాయంత్రానికి నాలుక ఎర్రగా పండింది. ఆఫీసులో మా మేనేజరు, నేను కిళ్ళీ నములుతూ ఫైళ్ళు చూస్తున్నానని మెమో ఇచ్చాడు. కళ అడుగుపెట్టిన ఇంట్లో కలకలం లేకపోతే అది కళే కాదు!

కుట్టు నేర్చుకుంటోందనే అనుకున్నాను కానీ ఇది ఇంటి మీద కుట్ర అని ఎవరికి తెలుసు? ర్యాంపు ర్యాంపు అంటుంటే ముచ్చటపడ్డాను కానీ అది మాకు రంపం అవుతుందనుకున్నానా? అయినా సరే, మేలే అంటాను. ఓసారి మేడ్చల్ బస్టాండులో అరటిపళ్ళ బండి మీద కప్పిన గోనెపట్టాని చూస్తూ మా అమ్మాయి నిలబడిపోయింది. ప్యాచ్ వర్క్ చేసినట్టు ఎంత బాగా అతుకులు వేశాడో అని దాని వంకే చూస్తోంది. ఆ పళ్ళాయన ఇది తూనికల శాఖ తనిఖీ అనుకుని, మేం అడగకుండానే రెండు పళ్ళు ఎక్కువ వేశాడు. మీ ఇంట్లో ఇంజనీరింగు చదివేవాళ్ళు మీకు ఒక్క పండైనా సంపాదించిపెట్టారా?

ఇహ నా గొడవ కొంచెం చెప్పుకోవాలి. కొంపల్లిలో ఉంటున్నాను గాని నాకు సొంత కొంప లేదు. అద్దె ఇల్లు. అద్దె ఇంట్లో అద్దకం పని! మా ఓనరు కృష్ణారావుగారు డాబా ఎక్కి, తన తెల్ల పంచె మీద టీ రంగు మచ్చలు చూసుకుని, "ఇకమీదట డాబా మీద మీ అమ్మాయి గుడ్డముక్క కూడా ఆరేయకూడదు" అని శాసనం చేశారు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. చివరి ఏడాది పరీక్షకి అమూల్య తన చేత్తో రంగులద్దిన బట్టలు చూపించాలి. దాన్ని జ్యూరీ అంటారు. (కోర్టు కేసనుకుని కామేశ్వరి రెండు రోజులు అన్నం మానేసింది.) జ్యూరీ సోమవారం. తడి బట్టలు ఆదివారం సాయంత్రంలోగా ఆరాలి. ముడత పడకూడదు, మరక పడకూడదు, కర్రలకి కట్టి నిలువునా గాలికి వదలాలి. తేడా వస్తే ఏడాది పోతుంది!

దాని క్లాస్‌మేటు అశ్రిత వాళ్ళ నాయనమ్మ విజయమ్మగారికి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన బీడుచేను ఉంది. "ఆరేసుకోపో బిడ్డా, దానికేముంది" అందట ఆవిడ. ఆదివారం పొద్దున్నే బకెట్లూ కర్రలూ ఆటోలో వేసుకుంటూ అమూల్య నన్నడిగింది.

"నాన్నా, ఒక్కసారొచ్చి చూడవూ? మూడేళ్ళలో నువ్వొక్కటీ సరిగ్గా చూళ్ళేదు."

"వస్తాలేమ్మా, పనుంది" అన్నాను, పేపర్లోంచి తల ఎత్తకుండా. పేపర్లో నేను చదువుతున్నది ప్లాట్ల ప్రకటనలు. ఏ చేనో, ఎవరి చేనో అది చెబుతూనే ఉంది. నా చెవులు తూర్పు ముఖం ప్లాటు దగ్గర ఆగిపోయాయి.

రెండువేల ఆరు నాటి సంగతి ఇది. అప్పట్లో ఆదివారం వస్తే భక్తులు గుడికి, భోక్తలు హోటలుకి, మాబోటి అద్దెవాసులు ప్లాట్ల దర్శనానికీ బయల్దేరేవాళ్ళం. ఊరి పేరులోనే ఉంది కదండీ మహత్యం! మేడ కావాలా? చల్, అంటుంది మేడ్చల్! శామీర్‌పేటలో కొన్నవాడు ఏడాది తిరిగేసరికి అమీర్ అయిపోతాడని మా కొలీగు చలపతిరావు సిద్ధాంతం. అతనికి చేలో పైరు కనిపించదు, చేను కనిపించదు. జెండాలు కనిపిస్తాయి. ఎక్కడైనా రంగుల జెండాలు పాతారంటే అది వెంచరు. ఆ సంగతి ఈ దారిలో తిరిగే ఎవర్నడిగినా చెబుతారు.

మధ్యాహ్నం చలపతిరావు ఫోను. "గురూగారూ! తక్షణం బయల్దేరండి. శామీర్‌పేట రోడ్డు పక్కనే కొత్త వెంచరు! బోర్డు లేదు, ఆఫీసు లేదు, టెంటు లేదు!"

"ఏమీ లేకపోతే ఎలాగయ్యా?"

"అదేనండీ విశేషం! ప్రీలాంచ్! జెండాలు మాత్రం అదిరిపోయాయి!"

స్కూటరెక్కాను. వెళ్ళేసరికి చేను నిండా జనం. గుండ్లపోచంపల్లి నుంచి వచ్చినవాళ్ళు, సికింద్రాబాదు నుంచి భార్యాబిడ్డలతో, పులిహోర డబ్బాలతో వచ్చినవాళ్ళు. మధ్యలో గాలికి రెపరెపలాడుతూ పసుపుపచ్చవి, గులాబీవి, మట్టిరంగువి.

చలపతిరావు నాకు జెండాల శాస్త్రం బోధించాడు. "పసుపువి కార్నర్ ప్లాట్లు. గులాబీ కమర్షియల్. ఆ మూల గళ్ళ జెండా ఉంది చూశారూ, అది పార్కు."

గళ్ళ జెండా వంక చూశాను. ఆ గళ్ళు ఎక్కడో చూసినట్టనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే, కింద అంచున నా సిగరెట్టు కాల్చిన చిల్లు. సాక్షాత్తూ నా లుంగీ!

ఇక్కడ మీరంతా నన్ను వెధవనుకుంటారు. అనుకోండి. కానీ నేను ఆలోచించాను. దేశంలో గళ్ళ లుంగీ నాకొక్కడికే ఉందా? చిల్లు నా లుంగీకే పడాలని రూలుందా? పార్కు సౌకర్యం ఉన్న వెంచరు వదులుకుంటానా! వెళ్ళి లైన్లో నిలబడ్డాను.

లైను ఎవరి ముందరంటారా? తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల జీపు. శ్రీనివాస్ అని, విజయమ్మగారబ్బాయే. రియల్ ఎస్టేట్ చేస్తాడు, ఈసారి ఎంపీటీసీకి నిలబడాలని చూస్తున్నాడు. ఊళ్ళో అన్ని చేలకీ జెండాలు పాతాడు గాని ఇంటి చేనుకి మాత్రం పాతలేకపోయాడు. చేను అమ్మ పేరు మీదుంది. అమ్మేమో అమ్మనంటుంది! జెండాలు చూసి, అమ్మ ఇంకెవరికో ఇచ్చేసిందని గుండెలు బాదుకుంటూ వచ్చాడట. వచ్చి చూస్తే కంపెనీ అనేది లేదు, కొనేవాళ్ళు మాత్రం చేనంతా ఉన్నారు. ఇంత మంది వచ్చాక అమ్మ కాదంటుందా అనుకున్నాడు.

"సార్లు, జర లైన్ల రండ్రి. లొల్లి జేయకుండ్రి. అందరికి ఇస్తం. పరేషాన్ గాకుండ్రి" అంటూ పేర్లు రాసుకోవడం మొదలెట్టాడు. "సార్, మీకేం గావాలె?"

"ఈస్ట్ ఫేసింగ్" అన్నాను దర్జాగా.

"గట్లైతే ఆ పసుపు జెండ కాడ నిలబడుండ్రి. గాడికెంచి మీదే."

జీపులోంచి సున్నం బస్తాలు దించి గీతలు గీయించాడు. నా చేత కూడా కాస్త సున్నం పోయించాడు. నా ప్లాటుకి నేనే ముగ్గు వేసుకున్నంత సంబరపడ్డాను. అంతలో గాలి లేచింది. సున్నం ఎగిరి తడి పసుపు బట్టల మీద పడింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో పారాణి పెట్టుకున్న ప్రతి ఆడపిల్లకీ తెలుసు. చూస్తుండగానే జెండాల మీద ఎర్రగా మరకలు తేలాయి. "కంపెనీ రంగు మారుస్తోంది, రేటు పెరుగుతుందేమో!" అని చలపతిరావు కంగారుపడ్డాడు.

విజయమ్మగారింట్లో అన్నం తిని, ఆవిడతో కలిసి అమూల్య అప్పుడే వచ్చింది. జనాన్ని చూసి బెదిరింది. జనంలో నన్ను చూసి దాని ముఖం వెలిగిపోయింది.

"నాన్నా! చూడ్డానికొచ్చావా!"

అవునమ్మా, అందామని నోరు తెరిచాను.

"ఈస్ట్ ఫేసింగ్ సార్!" అని అరిచాడు శ్రీనివాస్. "జరగకుండ్రి, మీ ప్లాటు కాడనే నిలబడుండ్రి!"

వెలిగిన ముఖం అంత తొందరగా ఆరిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. దానికి నా వెనక పసుపు బట్టల మీద ఎర్ర మరకలు కనిపించాయి. అక్కడే మట్టిలో చతికిలబడిపోయింది. రేపు జ్యూరీ!

విజయమ్మగారు కొడుకుని పట్టుకుంది. "ఏందిరా శ్రీనూ, నా చేన్ల గీ పెండ్లి ఏంది?"

"నువ్వు ఒప్పుకున్నవనుకున్ననే అమ్మా!"

"నేనెప్పుడు ఒప్పుకున్నరా?"

"మరి జెండాలు?"

"జెండాలా!" ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "గవి గా పొల్ల బట్టలురా! ఆరేసుకుంట అవ్వా అంటె ఆరేసుకోపో బిడ్డా అన్న." గట్టెక్కి అందరికీ వినబడేలా కేకేసింది. "ఇనుండ్రి సార్లు! గిది వెంచర్ గాదు. గిది నా చేను. గవి తడి బట్టలు. బట్టలు ఆరేస్తె గూడ కొంటరా మీరు? మా ఇంటి ముంగట దండెం మీద నా చీర ఆరేసొచ్చిన. జల్దీ పోండ్రి, గాడికి ఇంక ఎవ్వలు ఒచ్చినట్టు లేరు!"

జనం తలలు దించుకుని పులిహోర డబ్బాలు సర్దుకున్నారు. సిగ్గుపడ్డారేమో అనుకున్నాను. చలపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"అది సరే అవ్వా, బట్టలు ఆరిన తర్వాత ఎప్పుడు రమ్మంటారు?"

ఆవిడ కర్ర వెతుక్కునేలోపు చేను ఖాళీ అయింది. శ్రీనివాస్ అందరికంటే ముందు జీపెక్కాడు.

అమూల్య ఆ బట్టలు మళ్ళీ ఉతకలేదు, మళ్ళీ రంగు వేయలేదు. వేయడానికి టైమెక్కడుంది? మరకలతోనే మడిచి ఇంటికి తెచ్చింది. సోమవారం కామేశ్వరి హుకుం మీద సెలవు పెట్టి కాలేజీకెళ్ళి హాల్లో చివరి వరసలో కూచున్నాను. పిల్లలు, తల్లిదండ్రులు, కళ్ళద్దాల పెద్దలు. వేదిక మీద నా కూతురు వేలాడదీసిన పసుపు బట్టలు. నిజం చెబుతున్నాను, వాటిని అంతసేపు చూడ్డం అదే మొదలు. బాగున్నాయి. బాగుండడమేమిటి, వరసగా వడియాలు పెట్టిన డాబాలా ఒక్క గీతా వంకర పోలేదు, ఆ మరకలు తప్ప.

కళ్ళద్దాలాయన మరకలే చూపించాడు. "ఈ ఎరుపు ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా? నీ ఇన్‌స్పిరేషన్ ఏమిటి?"

అది మైకు తీసుకుని మొత్తం చెప్పింది. కర్రలు పాతడం దగ్గర్నుంచి, జెండాలనుకుని జనం రావడం, సున్నం గీతలు, విజయమ్మగారి చీర దాకా ఒక్కటీ వదల్లేదు. హాలంతా పడీ పడీ నవ్వింది. నవ్వు తగ్గాక మెల్లగా అంది.

"చేలో పసుపు బట్ట కడితే, అది బట్టని ఒక్కరికీ తోచలేదు సార్. అది చేనని కూడా తోచలేదు. ఎర్రగా ఉన్నవన్నీ మనుషులు వచ్చి గీతలు గీసిన చోట్లు. కడిగేద్దామనుకున్నాను, మళ్ళీ ఉండనిద్దాం అనిపించింది."

కళ్ళద్దాలాయన దగ్గరికొచ్చి, అన్నిటికంటే పెద్ద మరక మీద వేలు పెట్టాడు. "ఇక్కడ మరీ ఎక్కువ పడినట్టుందే?"

"అక్కడ మా నాన్న నిలబడ్డారు సార్" అంది అమూల్య. "ఈస్ట్ ఫేసింగ్ కావాలన్నారు."

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. నేను మాత్రం ముఖం పడమటికి తిప్పుకున్నాను.